దిబ్బ మెట్లకి ఏం కొయ్య

“ఎన్నాళ్లు నిలవాల?” అని అడిగినాడు షావలి.

కొయ్యల అడితికి ఎవరొచ్చినా ఆయన ముందు అడిగే మాట అదే. బండి ఇరుసు కోసం వచ్చినా, ఇంటి దూలం కోసం వచ్చినా, పెండ్లి పందిరి గుంజల కోసం వచ్చినా అదే అడుగుతాడు, అందులో తప్పేం లేదు, కొయ్య అమ్ముకునేవాడు అడగాల్సిన మాటే అది. మెట్లకి కొయ్య కోసం వచ్చిన మస్తానయ్య మాత్రం ఒలిచి పెట్టిన గుంజల వైపు చూస్తా నిలబడినాడు. పొద్దు వాలింది. బకింగాం కాలవ నీళ్ల మీద ఎండ తళతళమని కదలతా ఉండాది, దిబ్బల అవతల నుంచి ఉప్పుగాలి సరుగుడు తోటల్లో దూరి హోరుమంటా ఉండాది. షావలి తుండుగుడ్డతో మెడ తుడుచుకోని ఇంకోసారి విడమరిచి చెప్పినాడు. “అది గాదు మస్తానన్నా, నువ్వు చెప్తేనే గదా నాకు తెలిసేది. సరుగుడైతే ఇదిగో, బెరడు ఒలిచి పెట్టుండా. రేపు పొద్దన బండికెత్తితే ఎల్లుండికి మెట్లు లేస్తాయి. కాకపోతే ఇసకలో సరుగుడు రెండు వానలకి మెత్తబడిపోతాది, ముందే చెప్తుండా. ఏగిస కొయ్యంటావా, అది రాయి. నీ మనవళ్లు ఎక్కి దిగినా అరగదు. కానీ అదిగో, ఇంకా కాలవ బురదలోనే పండుకోనుండాది. ఉప్పునీళ్లు బాగా తాగాల, పైకి లాగాల, కోయాల, నీడన ఆరాల. కార్తీకం దాటందే నేను దాని మీద ఉలి పెట్టను. పచ్చి కొయ్య బిగిస్తే ఏమైతాదో నీకు నేను చెప్పాల్నా?” అని నవ్వినాడు. తాటి సంగతేందని అడిగినాడు మస్తానయ్య, ఏదో ఒకటి అడగాల గదా అని. “తాటి ఈనెలు లేస్తాయన్నా, వదినమ్మ అరికాళ్లకి గుచ్చుకుంటాయి. వొద్దు. సరే, నేను నమాజు చేసుకోని టీ తాగొస్తా. నువ్వు నిదానంగా అనుకో. ఎన్నాళ్లనేది ఒక్కటి చెప్పు చాలు, ఏం కొయ్యో నేను చెప్తా.”

ఆయన కాలవ కట్ట మీద పోతా ఉంటే వీపు వైపు చూస్తా అట్నే నిలబడినాడు మస్తానయ్య, తర్వాత పక్కనుండే మొద్దు మీద కూర్చున్నాడు. ఎన్నాళ్లు నిలవాల. ఈ మాట ఈ మధ్య యాడో విన్నట్టుండాదే, ఎవరడిగినారు, ఎవరూ అడగలేదు, తనే అడిగినాడు, మద్రాసులో, ఆసుపత్రి వరండాలో, గోడకి సున్నం రాలతా ఉంటే ఆ రాలిన సున్నాన్ని చెప్పుతో పక్కకి నెడతా, ఎన్నాళ్లు సార్, అని. సరిగ్గా షావలి అడిగినట్టే అడిగినాడు, మెత్తగా, తప్పేం లేనట్టు. ఆ డాక్టరు మంచోడే పాపం, తెలుగాయనే, కండ్లద్దాలు తీసి కోటు అంచుతో తుడుచుకుంటా, కోసి చూసినామయ్యా, లోపల అంతా అల్లుకోనుంది, మళ్లీ కుట్టేసినాం, అన్నాడు. అల్లుకోనుండాదంట. పందిరి మీద సొరతీగ మాదిరి. మీ ఇంటామెకి ఏం ఇష్టమైతే అది చెయ్యండి అన్నాడు, ఇంక నేను పోతా అన్నట్టు ఒక అడుగేసినాడు, అప్పుడు అడిగినాడు తను, ఎన్నాళ్లు సార్. డాక్టరు ఆగి, దసరా దాకా అనుకోవద్దు, అన్నాడు. ముందు అర్థం కాలేదు. దసరా దాకా ఏం అనుకోవద్దు, దసరా తర్వాత ఏమన్నా అనుకోవచ్చునా అని ఆలోచిస్తా నిలబడి, మెట్లు దిగి కిందకొచ్చి, అరటిపండ్లు బేరం చేస్తా ఉండంగా అర్థమైంది. చేతిలో పండ్లు ఉండాయి. పండ్లమ్మి ఏమయ్యా తీసుకుంటావా పెడతావా అని అరవంలో కసురుకుంది. అప్పుడు చైత్రం. ఇప్పుడు జ్యేష్ఠం పోతా ఉండాది. ఏగిస కొయ్య కార్తీకం దాటాలంట.

కొయ్యలు కోసే గుంటలో రంపం మొదలైంది. పైన ఒకడు, కింద ఒకడు, గరగరమని లాగతా ఉంటే తెల్లటి పొట్టు కిందోడి తల మీద, బొమల మీద రాలతా ఉండాది. ఆ వాసన మస్తానయ్యకి ఎప్పుడూ ఇష్టమే. చిన్నప్పటి నుంచి కొయ్య పనంటే ప్రాణం, అట్టని చేతులతో చేసేది రాదు, చేయించేది వచ్చు. పెండ్లయిన యేడు చేయించిన వాకిలి తలుపుంది మనుబోల్లో వాళ్ల ఇంటికి, వేప చేవతో, ఇప్పటికీ రెండు చేతులు పెట్టి తొయ్యాల, చిన్నపిల్లోళ్లు తెరవలేరు. మజ్జిగ కవ్వం చేయించినాడు, చండ్రకొయ్యతో. పెండ్లాం ఆదిశేషమ్మ దాన్ని చేతిలోకి తీసుకోని బరువు చూసి, “మామా, ఇది కవ్వమా రోకలా? నేను పోయినా, నా కోడలు పోయినా ఇది పోదే. దీనికి బొట్టు పెట్టి దండం పెట్టుకోమంటావా?” అన్నది. కోడలు రానే లేదు, కొడుకు పుడితే గదా, ఒక్కతే కూతురు చెంచులక్ష్మి, దాన్ని నాయుడుపేటకి ఇచ్చినారు, దాని పెండ్లిలో కూడా అదే గొడవ, పందిరి గుంజలు మూరెడు లోతు పాతితే చాలని అందరంటే కాదు ఇంకా తవ్వమని తనే గడ్డపార పట్టుకున్నాడు. మూడు రోజుల పందిరికి ముప్పై ఏండ్ల గుంట తవ్వుతుండాడు మీ నాయిన, అని ఆదిశేషమ్మ చుట్టాలందరి ముందర అంటే నవ్వులే నవ్వులు. నిజమే, ఆయనకి రెండు రోజులు నిలిచేది చెయ్యడం చేతకాదు. చేస్తే నిలవాల, లేకుంటే చెయ్యనే కూడదు. ఆ స్వభావమున్న మనిషిని తీసుకొచ్చి ఈ మొద్దు మీద కూర్చోబెట్టినాడు దేవుడు.

ఇంతకీ మెట్లెందుకంటే, ఇసక దిబ్బ కోసం. మద్రాసు నుంచి వచ్చినాక ఏం కావాలో చెప్పమని అడిగితే, ఆమె చీరనలేదు, తిరపతనలేదు, సంద్రం కాడ ఉండాలని ఉంది మామా అన్నది. మాఘంలో సంద్రం స్నానానికి ఊళ్లో ఆడోళ్లంతా బండ్లు కట్టుకోని పోయేవాళ్లు ఏటేటా, ఆమె ఒక్కసారి కూడా పోలేదు, ఒక యేడు బర్రె ఈనబోతుండాదని, ఒక యేడు నాట్లని, ఒక యేడు అత్తకి బాగలేదని, వచ్చే యేడు పోదాంలే అని అట్నే ఇరవై ఐదేండ్లు. ఇప్పుడు కాళ్లు ఉబ్బి మంటలు పుడతా ఉంటే, ఆ నురగలో కాళ్లు పెట్టుకోని కూర్చుంటే చల్లగుంటాదేమో అన్నది. మస్తానయ్య మేనత్త కొడుకు జయరామయ్యకి కోడూరు పక్కన దిబ్బ మీద సరుగుడు తోట, తోటలో చిన్న పెంకుటిల్లు ఉండాయి, ఎన్నాళ్లన్నా ఉండండి అని తాళంచెవి ఇచ్చినాడు. ఇల్లు దిబ్బ మీద, సంద్రం దిబ్బ కింద. మనిషి బాగుంటే గబగబా జారి దిగిపోవచ్చు, పిల్లోళ్లయితే దొర్లుకుంటా పోతారు. ఆమెకి అడుగేస్తే మడమ దాకా కూరుకుపోతాది, అది పీక్కోని ఇంకో అడుగేసేసరికి ఊపిరి అందదు. ఎత్తుకుందామంటే కుట్టేసిన కడుపు ఒత్తుకుంటాది. బండిలో చుట్టు తిరిగి పోదామంటే ఆ కుదుపుకి ప్రాణం పోతాది. తాటాకులు పరిస్తే జారుతుండాయి. అరుగు మీద మంచమేస్తే అక్కణ్ణుంచి సంద్రం కనపడతాది, వినపడతాది, ఉప్పు పెదాలకి తగులుతాది, అందదు. నెల రోజుల నుంచి ఆమె దాన్ని చూస్తానే ఉండాది.

మొదటి వారంలోనే చేపలు పట్టే పట్టపు కుర్రోళ్లు నలుగురు వచ్చి, మేము మోసకపోతాం పెద్దయ్యా, వలలు మోసేవాళ్లకి ఆయమ్మ ఒక బరువా, అన్నారు. మంచి పిల్లోళ్లు. నులక మంచం మీద దుప్పటేసి ఆమెని పండుకోబెట్టి, నాలుగు కోళ్లు నలుగురు భుజానికెత్తుకున్నారు. సగం దిబ్బ దిగినారు. మస్తానయ్య వెనకాల చెంబుతో నీళ్లు పట్టుకోని నడస్తా ఉండాడు. నడస్తా ఉన్నోడికి ఏమీ తోచలేదు, ఇసక కాలుతుండాదనే ధ్యాసే. అప్పుడు ఆమె మంచం మీద నుంచే, “రేయ్ అబ్బయ్యా, దించండిరా” అన్నది. ఏమైందమ్మా అంటే, దించండి ముందు అన్నది. దించినారు. లేచి కూర్చోని, కొంగు సర్దుకోని, నలుగురి ముఖాలు చూసి నవ్వింది. “ఈ మోత మనిషికి ఒక్కసారే గదరా. దాన్ని ఇప్పుడే వాడేసుకుంటే ఎట్టా? మళ్లీ అప్పుడు నడిచి పొమ్మంటారా నన్ను?” కుర్రోళ్లు కూడా నవ్వినారు. మస్తానయ్యా నవ్వినాడు. చేతిలో చెంబు పట్టుకోని, వెనకాల నిలబడి, నవ్వినాడు. ఇప్పుడు ఈ మొద్దు మీద కూర్చోని, అప్పుడెందుకు నవ్వినానా అనుకున్నాడు. వెనక్కి పైకి ఆమె తనే పాక్కుంటా వచ్చింది, చేతులు ఇసకలో పెట్టి, మధ్యలో ఆగి ఆగి, ఎవుర్నీ చెయ్యేయనీలేదు. పైకి వచ్చేసరికి పెదాలు నీలంగా ఉండాయి. మోయించుకోనింక, మెట్లు కట్టించు, నా కాళ్ల మీద నేనే పోతా, అన్నది.

“ఏందన్నా, నిద్రపోతుండావా?” అని గుంటలో నుంచి తల బయటికి పెట్టినాడు కోత పని హజరత్తయ్య. తల నిండా పొట్టు, బొమలు ముసలోడి మాదిరి తెల్లగా. “బీడీ ఉంటే ఒకటి పడెయ్యి.” మస్తానయ్య బీడీ, అగ్గిపెట్టె ఇచ్చినాడు. హజరత్తయ్య గుంట గట్టు మీద కూర్చోని గాలికి చెయ్యి అడ్డం పెట్టి వెలిగించుకున్నాడు. “ఎవురికి మెట్లు? గుడికా?”

“ఇంటికి.”

“ఇంటికైతే ఆలోచించేదేముంది, ఏగిసే ఏయించు. సరుగుడు దేనికి పనికొస్తాదన్నా, పొయ్యిలోకి, పందిట్లోకి, ఇంక…” అంటా మధ్యలో ఆగి, పొగ పీల్చి, “ఇంకేముందిలే” అన్నాడు. పైనోడు రంపం కదిలిస్తా, “ఒరే, బీడీకి పోయి కాపరం పెట్టినావా” అని అరిచినాడు. హజరత్తయ్య మళ్లీ గుంటలోకి దిగినాడు. ఆయన మింగేసిన మూడో పని ఏందో మస్తానయ్యకి తెలుసు. సరుగుడు కట్టెలు బాగా మండతాయి, వాన పడతా ఉన్నా మండతాయి, ఎండిన సరుగుడైతే తెల్లారేసరికి అంతా అయిపోతాది, అమ్మ పోయినప్పుడు ఆ కట్టెలే తెచ్చినారు. ఛీ ఛీ, ఏం ఆలోచన ఇది, బతికుండే మనిషిని పెట్టుకోని. కార్తీకానికేముంది, ఎంతలో వస్తాది, డాక్టర్లేమన్నా బ్రహ్మలా, మనుబోల్లోనే కంసాలాయన ఒకడు ఆసుపత్రోళ్లు చేతులెత్తేసినాక పదేండ్లు బతకలా, కల్లు తాగతా బతకలా. ఏగిసే. ఏగిసే వెయ్యాల. పదేండ్లు నిలవాల అని చెప్దాం. అట్టా అనుకోంగానే ఒళ్లు తేలికైంది, లేచి కాలవ గట్టుకి పోయి ఆ మొద్దుల్ని చూసినాడు. రాపూరు కొండల్లో కొట్టిన మాన్లు, సగం నీళ్లలో, సగం బురదలో, వాటి చుట్టూ నీళ్లు టీ నీళ్ల మాదిరి రంగు తిరిగుండాయి. ఒకదాని మీద కొంగ నిలబడి ఉండాది, కదలకుండా. ఆ మొద్దులకి తొందర లేదు. ఉప్పు తాగతా, వానలు పడేదాకా, పడినాక, పండగలు పోయేదాకా, అట్నే పండుకోనుంటాయి. చూస్తా ఉంటే తేలికైన ఒళ్లు మళ్లీ బరువైంది.

తొందర. ఆ తొందరే గదా మొదటి మెట్లని ముంచింది. మనుబోల్లో కయ్య గట్టు మీద వాళ్ల నాయిన నాటిన నల్లతుమ్మ ఉంది, మంచి చేవ పట్టిన చెట్టు. తూము కాడ తుమ్మ గుంజలు నాయిన కాలం నుంచి బురదలో ఉండాయి, చెక్కు చెదరలేదు, నాగలికీ తుమ్మే, బండి చక్రానికీ తుమ్మే, మెట్లకి ఇంకేం కావాల అనుకున్నాడు. కయ్యలో బురద వేరు, సంద్రం ఇసక వేరు అని పొలం మనిషికి యాడ తోస్తాది. అదొక తప్పు. అదన్నా తెలీక చేసింది. తెలిసి చేసింది ఇంకొకటుంది. చెట్టు కొట్టాలంటే అమావాస్య దగ్గర కొట్టాల. వెన్నెల రోజుల్లో చెట్టు నిండా నీరుంటాది, కొడితే పురుగు పడతాది, మెలి తిరగతాది, ఇది వాళ్ల తాత చెప్పినాడు, నాయిన చెప్పినాడు, తను ఊరందరికీ చెప్పినాడు. పక్క కయ్యవాడు వెన్నెల్లో వెదురు కొడితే పిలిచి తిట్టినాడు. అట్టాంటివాడు అమావాస్య దాకా ఉండలేకపోయినాడు. పున్నమి ఇంక రెండు రోజులుందనంగా గొడ్డలి తెమ్మన్నాడు. సమాధానం అనే పాలేరు గొడ్డలి తెచ్చి, చెట్టు వైపు చూసి, ఆకాశం వైపు చూసి, “పెద్దయ్యా, పున్నమి…” అని, మస్తానయ్య ముఖం చూసి, గొడ్డలి ఎత్తినాడు. దారిన పోయేవాళ్లు నిలబడి చూసి తలొంచుకోని పోయినారు. ఒక్కడన్నా ఏందయ్యా మస్తానయ్యా నీకు మతిపోయిందా అని అడగలేదు. అందరికీ తెలుసు ఎందుకో.

ఆ పచ్చి పలకలే కోయించి, మనుబోలు కమ్మరి కాడ ఇనప మేకులు కొట్టించి, బండికెత్తించి దిబ్బకి తెచ్చినాడు. తెల్లగా, నీరు కారతా, కొట్టిన చెట్టు వాసన ఇంకా పోలేదు. ఆదిశేషమ్మ అరుగు మీద మంచంలో పండుకోని చూస్తా ఉండాది. బండి దించేటప్పుడు ఒక పలక ఇటివ్వమని అడిగింది. చేత్తో తడిమింది, గోరుతో గీకింది, తడి గోరుకంటింది. రైతు కూతురు, రైతు పెండ్లాం, ఆమెకి చెప్పాల్నా. “మామా, ఇది మన గట్టు మీద తుమ్మా?” అన్నది. అవునన్నాడు. “ఎప్పుడు కొట్టించినావు?” మొన్న, అన్నాడు. ఆమె వేళ్లతో తిథులు చూసుకునినట్టుంది, లేదంటే ఊరికే వేళ్లు కదిలించిందో. “పున్నమి దగ్గర పెట్టుకోని చెట్టు కొట్టించినావా నువ్వు?” అన్నది. “ఏమంత తొందర మామా నీకు?” తను ఏం చెప్పినాడు, ఏదో చెప్పినాడు, వానలొస్తాయని, బండి దొరకదని. ఆమె అట్టనా అన్నది. అట్టనా. పలక వెనక్కిచ్చేసి, దుప్పటి కప్పుకోని, గోడ వైపు తిరిగి పండుకుంది. ఆ మెట్లు పక్షం రోజులు కూడా నిలవలేదు, పైన ఎండకి పలకలు వంకర్లు తిరిగినాయి, కింద తడికి మేకులు ఎర్రగా కన్నీళ్లు కార్చినాయి, ఆమె మొట్టమొదట కాలు పెట్టిన రోజే ఒక పలక మేకు ఊడి పక్కకి జారింది. తోడుండేదానికి వచ్చిన కూతురు పట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఆమె, కానీలే మామా, ఇంకోటి చేయిద్దువు, అన్నది, బిడ్డ తప్పు కప్పిపెట్టే తల్లి మాదిరి.

కాలవలో ఒక పడవ వస్తా ఉండాది, సరుగుడు కట్టెలు నింపుకోని, నీళ్లు అంచు దాకా. ఇద్దరు గట్టు మీద తాడు భుజానికేసుకోని లాగతా ఉండారు, ఒకడు పడవలో గెడ వేస్తా ఏదో పాడుకుంటా ఉండాడు, అంతా మద్రాసుకే, పొయ్యిల్లోకే. మద్రాసు అనంగానే ఆ రైలు గుర్తొచ్చింది. అక్కణ్ణుంచి రైల్లో వచ్చేటప్పుడు ఆమె కిటికీ కాడ కూర్చోని, “ఏమన్నాడు మామా డాక్టరు?” అని అడిగింది. గడ్డ తీసేసినారంట, ఇంక బలం పట్టాలంట, అన్నాడు. జన్మలో అబద్ధం చెప్పడం చేతకాని మనిషి, బర్రెలమ్మేటప్పుడు కూడా దాని లోపాలు తనే చెప్పేసేవాడు, ఆమె ఆయన్ని కొట్టేంత పని చేసేది. ఆ మనిషి చెప్పిన అబద్ధం ఎట్టుంటాది. ఆమె ఆయన ముఖం వైపు చూడనే లేదు, బయట తాటి చెట్లు పోతా ఉంటే చూస్తా, అట్టనా, అన్నది. అట్టనా. రైల్లో అదే మాట, పలక చేతిలో పెట్టుకోని అదే మాట. నాయుడుపేటలో చెంచులక్ష్మి అన్నం క్యారియరు పట్టుకోని బండెక్కింది, ఆమె రెండు ముద్దలు తిని, బో బాగుంది పచ్చిపులుసు, అన్నది, కూతురు చెయ్యి పట్టుకోని చాలా సేపు ఆ చేతి గాజులే తిప్పతా కూర్చుంది. మొన్న దిబ్బ మీద కూతురికి చెప్తా ఉండాది, మీ నాయినకి చద్దన్నంలో ఉప్పు తక్కువ వెయ్యాల, అడగడు, తినేస్తాడు, తర్వాత దాహమని లేస్తాడు, అని. చిన్న బర్రెని మీ ఇంటికి తోలకపో, పెద్దది వేరే వాళ్లకి పాలియ్యదు, దాన్ని మీ నాయిన కాడే ఉండనీ, అని. తను తలుపు ఇవతల ఉండి విన్నాడు. విని, ఏంది ఈమె ఇట్టా మాట్లాడతాది, బలం పట్టే మనిషి, అని లోపల కోపం కూడా తెచ్చుకున్నాడు.

రంపం ఆగింది. గుంటలో పలక విడిపోయి పడిన చప్పుడు ధబ్‌మని వినపడింది. ఆమెకి తెలుసు. ఈ మాట ఎవరూ చెప్పలేదు, ఎవరో చెప్పినట్టే వినపడింది. ఆమెకి రైల్లోనే తెలుసు, లేకుంటే మంచం మీద మోస్తా ఉన్నప్పుడు తెలుసు, పోనీ పున్నమి తుమ్మ చేత్తో తడిమినప్పుడన్నా తెలుసు, అది చూస్తే తెలియకుండా ఎట్టా ఉంటాది, తను ఊరందరికీ చెప్పే మాట తనే తప్పితే ఇరవై ఐదేండ్లు కాపరం చేసిన మనిషికి తెలియదా. తెలిసి ఊరుకుంది. ఈయన చెప్పలేకపోతుండాడు, పోనీలే అని ఊరుకుంది. ఇన్నాళ్లూ తను ఆమె కాడ దాస్తుండాననుకున్నాడు, ఆమే తన కాడ దాస్తా ఉండాది. ఇంక ఏగిస మెట్లు ఎవరి కోసం. కార్తీకం దాటినాక షావలి బండ్లేసుకోని వస్తాడు, కొయ్య చీలలు దిగగొట్టి బిగిస్తాడు, ఎర్రగా, నున్నగా, రాయి మాదిరి మెట్లు, పై నుంచి నురగ దాకా. ఎవరు దిగతారు. తను దిగతాడా. పైమెట్టు మీద నిలబడి కిందకి చూస్తా ఉంటాడు, వాన పడతాది, ఎండ కాస్తాది, అవి పోవు, అరగవు, వచ్చే యేడూ ఉంటాయి, ఆపై యేడూ ఉంటాయి, తను ముసలోడైపోయినాక కూడా ఉంటాయి, ఒక్క అడుగు పడని మెట్లు. జయరామయ్య తోటకొచ్చిన కూలోళ్లు వాటి మీద కూర్చోని సద్ది తింటారు. అట్టని సరుగుడు అంటే, సరుగుడు అని పైకి చెప్పాల. నోటితో చెప్పాల. రెండు వానలు చాలు అని, రెండు కూడా కాదు, ఒక్కటి కూడా అక్కర్లేదు అని, షావలి ముందర, కోతోళ్ల ముందర, గాలి ముందర. ఆ మాట తన నోట్లోంచి వస్తే అది తనే చేసినట్టు. చెప్పకుంటే నెల రోజుల నుంచి చూస్తున్నట్టే చూస్తా పోతాది ఆమె, అరుగు మీద నుంచి, పెదాల మీద ఉప్పు నాక్కుంటా.

“ఏమన్నా, తేల్చుకున్నావా?” షావలి మీసం తడి తుడుచుకుంటా వచ్చినాడు, ఇంకో చేతిలో గ్లాసుతో టీ కూడా తెచ్చినాడు. “తాగు, చల్లారిపోతాది. మా బావ కొట్లో టీ అది, పాలెక్కువ పోసినాడు నీ పేరు చెప్తే. ఏగిసే అనుకుంటుండావు గదా, నాకు తెలుసు. మనుబోలు మనిషి చేయిస్తే చేవ లేకుండా చేయిస్తాడా.”

మస్తానయ్య గ్లాసు తీసుకున్నాడు. తాగలేదు. “సరుగుడే” అన్నాడు.

షావలి వినపడనట్టు చూసినాడు. “సరుగుడా? ముందే చెప్పినా గదన్నా, రెండు వానలే. మళ్లీ రెండేండ్లకి నువ్వు నా కాడికే రావాల, అప్పుడు నన్ను తిడతావు.”

“రాను లే” అన్నాడు మస్తానయ్య.

గుంటలో హజరత్తయ్య పైకి చూసి, మళ్లీ కిందకి చూసుకున్నాడు. షావలి ముఖంలో ఆ నవ్వు మెల్లగా పోయింది. ఏదో అనబోయినాడు, వదినమ్మ పేరు పెదాల దాకా వచ్చి ఆగింది. తుండుగుడ్డ తీసి భుజం మార్చుకున్నాడు. “రేపు పొద్దన బండి కాదు” అన్నాడు, గొంతు తగ్గించి. “ఇప్పుడే ఎత్తిస్తా. మాపటేళకి దిబ్బ కాడ దించేస్తే, తెల్లారేసరికి నేనూ మావాడూ వచ్చి పని మొదలుపెడతాం. ఇనప మేకు ఒక్కటి వెయ్యను, అంతా చీలలే. అంచులన్నీ గుండ్రంగా చెక్కుతా, కాలికి తగలకుండా. రేపు పొద్దు గుంకేలోపల దిగొచ్చు.”

మస్తానయ్య తలూపినాడు.

“ఎత్తెంత పెట్టమంటావు మెట్టుకి? మామూలుగా జానెడు పెడతాం.”

మస్తానయ్య కండ్ల ముందర ఈ పొద్దన చూసింది కదిలింది. ఇంట్లోంచి అరుగు మీదకి రావాలని ఆమె గడప కాడ నిలబడింది, ద్వారబంధం పట్టుకోని, ఎడమ కాలు ఎత్తింది, గడప దాటలేదు, దించింది. కూతురు చూడకూడదని కుచ్చిళ్లు సర్దుకుంటున్నట్టు వంగింది. మళ్లీ ఎత్తింది. గ్లాసు మొద్దు మీద పెట్టి, మస్తానయ్య అరచెయ్యి అడ్డంగా తిప్పి నాలుగు వేళ్లు చూపించినాడు.

“అంత తక్కువైతే మెట్లు చానా పడతాయన్నా” అన్నాడు షావలి. మళ్లీ తనే అన్నాడు, “పర్లేదు, పడనీలే. నాలుగు వేళ్లు.” ఒక సరుగుడు గుంజ మీద ఆ కొలత గీసుకునేదానికి వంగినాడు.

“ఉండు” అన్నాడు మస్తానయ్య. ఆ చేతిని అట్నే గాలిలో పెట్టి కొంచెం సేపు చూసుకోని, చిటికిన వేలు మడిచేసినాడు.